నూరు నిమిషాల ఏడవ సింఫనీ: క్లెంపరర్ చేతిలో మాలర్ ఎందుకంత నెమ్మదించాడు?

2025 మార్చిలో ఇళయరాజా రాసిన సింఫనీని లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. ఆ వీడియో ముక్కలు ఫోన్లలో తిరుగుతున్న రోజుల్లో మా ఇంట్లో ఒక ప్రశ్న పుట్టింది. రాసింది ఇళయరాజా, వాయిస్తున్నది ఆ వాద్యకారులు. ప్రతి ఒక్కరి ముందూ కాగితాలున్నాయి. మరి మధ్యలో నిలబడి కర్ర ఊపుతున్న మనిషి పనేమిటి? ఆయన లేకపోయినా ఆ కాగితాలు చూసి వాయించలేరా?

ఈ ప్రశ్నకు పుస్తకంలో ఉండే జవాబు కంటే ఒక వింత ఉదాహరణ ఎక్కువ చెబుతుంది. 1968లో, 83 ఏళ్ల వయసులో, ఒట్టో క్లెంపరర్ అనే జర్మన్ కండక్టర్ లండన్‌లో న్యూ ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో ఆస్ట్రియా సంగీతకర్త గుస్తావ్ మాలర్ రాసిన ఏడవ సింఫనీని రికార్డు చేశాడు. మామూలుగా 75 నుంచి 80 నిమిషాల్లో ముగిసే రచన అది. వేరే కండక్టర్లలో రాఫాయెల్ కూబెలిక్ రికార్డింగు 73 నిమిషాలకు దగ్గర, బెర్న్‌స్టైన్ 1965 రికార్డింగు 80కి దగ్గర. క్లెంపరర్‌ది 100 నిమిషాలు. ఒక్క స్వరం కలపలేదు, ఒక్క పుట రెండుసార్లు తిప్పలేదు. మరి ఆ ఇరవై పైచిలుకు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

క్లెంపరర్ మాలర్ అనగానే ఎవరైనా ముందు చెప్పేది రెండవ సింఫనీ, లేదంటే క్రిస్టా లుడ్విగ్, ఫ్రిట్జ్ వుండర్లిష్ పాడిన 'దాస్ లీడ్ ఫోన్ డెర్ ఎర్డే' (భూమి పాట) అనే గీతాల సింఫనీ. ఏడవది ఒక మూల పడి ఉంటుంది. విన్నవాళ్లలో కొందరికి అది అద్భుతం, కొందరికి వృద్ధాప్యం చేసిన పొరపాటు. ఇద్దరి మాటలోనూ ఎంత నిజముందో చూడాలంటే మొదటి నుంచి రావాలి.

కాగితం మీద ఏముంటుంది, ఏముండదు

సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం, సాధారణంగా మూడు నాలుగు భాగాలుగా రాసే పెద్ద రచన. మాలర్ ఏడవదానిలో అయిదు భాగాలున్నాయి. ఏ వాద్యం ఏ క్షణాన ఏ స్వరం పలకాలో అంతా రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని స్కోరు అంటారు, క్రికెట్‌తో సంబంధం లేదు. స్వరం ఎత్తు, దాని పక్క స్వరంతో పోలిస్తే నిడివి, గట్టిగానా మెత్తగానా అన్నది అందులో ఉంటాయి. కానీ గట్టిగా అంటే ఎంత గట్టిగా? చురుగ్గా అంటే ఎంత చురుగ్గా?

వేగాన్ని అంకెలతో చెప్పే పద్ధతి ఒకటుంది. మెట్రోనోమ్ అనే లోలకం నిమిషానికి ఇన్ని దెబ్బలని రాస్తే సందేహం ఉండదు. మాలర్ మాత్రం ఎక్కువగా మాటలనే నమ్ముకున్నాడు. ఏడవ సింఫనీ చివరి భాగానికి ఆయన రాసింది 'అల్లెగ్రో ఆర్డినారియో'. అంటే మామూలు చురుకుదనంతో అని. ఎవరి మామూలు? అక్కడే కండక్టర్ పని మొదలవుతుంది.

మన సంగీతంలో ఈ సంగతికి ఎప్పటినుంచో పేరుంది, కాలప్రమాణం. ఒకే త్యాగరాజ కృతిని ఒకరు విలంబంగా, మరొకరు మధ్యమకాలంలో ఎత్తుకుంటే రెండూ వేర్వేరు మనుషుల మాటల్లా వినిపిస్తాయి. అయితే తేడా ఉంది. మన గాయకుడికి సంగతులు, నెరవు, స్వరకల్పన ఉన్నాయి. సింఫనీ కండక్టర్‌కి ఒక్క స్వరం మార్చే హక్కు లేదు. ఆయన మనోధర్మమంతా వేగం, బిగువు, ఏ వాద్యం ముందుకు రావాలి, రెండు వాక్యాల మధ్య ఎంత ఊపిరి అనే ఇరుకు సందులోనే ఇమడాలి. ఆ సందు ఎంత వెడల్పో మాలర్‌లోనే మరో చోట తెలుస్తుంది. అయిదవ సింఫనీలో తంత్రీవాద్యాలు, హార్ప్ మాత్రమే వాయించే చిన్న భాగం ఒకటుంది. విల్లెం మెంగెల్బెర్గ్ 1926లో దాన్ని ఏడు నిమిషాల్లో ముగించాడు. బెర్నార్డ్ హైటింక్ 1988లో బెర్లిన్‌లో దాదాపు పద్నాలుగు తీసుకున్నాడు. మెంగెల్బెర్గ్ మాలర్‌కి ఆప్తుడు. అది మాలర్ తన కాబోయే భార్య ఆల్మాకి రాసిన ప్రేమలేఖ అని తన స్కోరులో రాసుకున్నాడు. పద్నాలుగు నిమిషాల రూపం వింటే ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుంటుంది. స్వరాలు మాత్రం అవే.

గురువుగారిని చూసినవాడు

క్లెంపరర్ 1885లో బ్రెస్లావులో పుట్టాడు. అదిప్పుడు పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్. ఇరవై ఏళ్ల వయసులో, 1905లో, బెర్లిన్‌లో ఆస్కార్ ఫ్రీడ్ మాలర్ రెండవ సింఫనీని నడిపిస్తుంటే, వేదిక వెనక నుంచి వినిపించాల్సిన చిన్న బృందాన్ని నడిపించే పని ఈ కుర్రవాడికి అప్పగించారు. మాలర్ స్వయంగా వచ్చాడు. ఎలా ఉందని క్లెంపరర్ అడిగితే, ఘోరం, మరీ గట్టిగా ఉందన్నాడట. స్కోరులో మారుమోగేలా అనే కదా రాశారు అని కుర్రవాడు ధైర్యం చేశాడు. అవును, కానీ చాలా దూరం నుంచి, అన్నాడు మాలర్.

ఈ చిన్న కథ క్లెంపరరే తర్వాత చెప్పుకున్నాడు. నాకిది ఈ మొత్తం వివాదానికి తాళంచెవిలా కనిపిస్తుంది. రాసిన మాటను అక్షరాలా పాటించినా తప్పు కావచ్చు. మాట వెనక దూరం ఎంతో, రాసినవాడు పక్కన ఉంటే తప్ప తెలియదు.

తర్వాత క్లెంపరర్ ఆ సింఫనీని పియానోకి కుదించి, వియన్నా వెళ్లి, అందులో ఒక భాగాన్ని చూడకుండా మాలర్ ముందే వాయించాడు. మాలర్ ఒక విజిటింగ్ కార్డు మీద నాలుగు ముక్కల సిఫారసు రాసిచ్చాడు. దాంతో 1907లో ప్రాగ్‌లోని జర్మన్ థియేటర్లో ఉద్యోగం వచ్చింది. ఆ కార్డును ఆయన జీవితాంతం దాచుకున్నాడు. మరుసటి ఏడు, 1908 సెప్టెంబరు 19న, ఏడవ సింఫనీ తొలిసారి వినిపించింది ఆ ప్రాగ్‌లోనే. రిహార్సల్స్‌కి క్లెంపరర్ వెళ్లాడు. రోజూ సాధన ముగిశాక మాలర్ వాద్యకారుల కాగితాలన్నీ వెంట తీసుకెళ్లి దిద్దుకునేవాడని, కుర్ర సంగీతకారులు సాయం చేస్తామన్నా ఒప్పుకోలేదని ఆయన గుర్తుచేసుకున్నాడు.

అంటే 1968 నాటికి, ఈ రచన పుట్టడం కళ్లారా చూసినవాడే దాన్ని నడిపిస్తున్నాడు. కాబట్టి 100 నిమిషాలే అసలు వేగమని చెప్పేయవచ్చా?

సాక్షి సాక్ష్యం ఎందుకు సరిపోదు

చెప్పలేం. మాలర్ 1911లో చనిపోయాడు. ఆయన కండక్ట్ చేసిన రికార్డు ఒక్కటీ లేదు. 1905లో పియానో మీద వాయించిన కొన్ని యాంత్రిక రోల్స్ మాత్రం మిగిలాయి, వాటిలో ఏడవది లేదు. ఇక సాక్షి క్లెంపరర్ ఒక్కడే కాదు. బ్రూనో వాల్టర్ ఆయనకంటే ఎక్కువ కాలం మాలర్ పక్కన పనిచేశాడు. మాలర్ పోయాక తొమ్మిదవ సింఫనీని లోకానికి తొలిసారి వినిపించింది వాల్టరే. ఇద్దరి మాలర్‌లకూ పోలిక లేదు. వాల్టర్ వాక్యాలు మెత్తగా వంగుతాయి, శ్రోత భుజం మీద చెయ్యి వేస్తాయి. క్లెంపరర్ కంచు గొంతుతో, ముఖం తిప్పుకోకుండా మాట్లాడతాడు. వాల్టర్ నీతివాది, నేను కాదు అని ఆయనే ఒకసారి అన్నాడు.

ఇంకో చిక్కు, క్లెంపరర్‌కీ క్లెంపరర్‌కీ కూడా పొత్తు కుదరదు. ఆ గీతాల సింఫనీని 1951లో వియన్నాలో రికార్డు చేసినప్పుడు 52 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ముగించాడు. 1960లలో లుడ్విగ్, వుండర్లిష్‌లతో చేసినది 63 దాటింది. రెండు సార్లూ మాలర్‌ని ఎరిగినవాడే. జ్ఞాపకం మారిందా, మనిషి మారాడా?

మారిన శరీరం

వేగం తగ్గడానికి కారణం ఆరోగ్యమే అనే వాదానికి బలం లేకపోలేదు. 1933లో హిట్లర్ రాకతో జర్మనీ వదిలి లాస్ ఏంజెలెస్ చేరిన క్లెంపరర్‌కి 1939లో మెదడులో కణితి తీశారు. కుడి వైపు కొంత చచ్చుబడింది. 1951లో మాంట్రియల్ విమానాశ్రయంలో పడి తుంటి ఎముక విరిగింది. అక్కడి నుంచి చాలాకాలం కూర్చునే నడిపించాడు. 1958లో మంచం మీద పొగతాగుతూ నిద్రపోయి ఒళ్లు కాల్చుకున్నాడు. పట్టు తప్పిన చేత్తో, పిడికిలి బిగించి చిన్న చిన్న సంజ్ఞలు చేసే ఆ పెద్దాయన వేగంగా నడిపించలేకపోయాడంటే నమ్మబుద్ధవుతుంది.

కానీ ఇదే ఆయన, ఇదే లండన్‌లో, 1961-62లో మాలర్ రెండవ సింఫనీని 79 నిమిషాల్లో పూర్తిచేశాడు. మంచి ఆరోగ్యంతో ఉన్న బెర్న్‌స్టైన్ 1987లో అదే రచనకు 93 తీసుకున్నాడు. 1961లోనే రికార్డు చేసిన నాలుగవ సింఫనీలో మూడవ భాగం, అందరూ ఆగి ఆగి వాయించే ప్రశాంతమైన భాగం, ఆయన చేతిలో 18 నిమిషాలే. చాలామంది 20, ఆపైనే తీసుకుంటారు. చెయ్యి కదలకపోవడమే కారణమైతే నెమ్మదైన చోట ఆయన తొందరపడటం ఎలా?

ఈ సంగతులు ఏడవదాని కంటే ఆరేడేళ్లు ముందువి, అది నిజమే. అందుకని ఏడవదాన్నే విప్పి చూద్దాం.

గడియారం పట్టుకుని చూస్తే

అయిదు భాగాలనూ మామూలు రికార్డింగులతో పక్కపక్కన పెడదాం. అంకెలు స్థూలమైనవి, రికార్డింగును బట్టి ఒక నిమిషం అటూ ఇటూ అవుతాయి.

మొదటి భాగం సాధారణంగా 21 నిమిషాల పైన, క్లెంపరర్ దగ్గర 28కి కొంచెం తక్కువ. రెండవది 15 లేదా 16 ఉండాల్సింది 22 అయింది. మూడవది తొమ్మిదిన్నరకు పదిన్నర. నాలుగవది పన్నెండున్నరకు 16కి కాస్త తక్కువ. అయిదవది పదిహేడున్నరకు 24 పైన.

శాతాల్లోకి మారిస్తే కథ బయటపడుతుంది. రెండవ భాగం సుమారు 40 శాతం సాగింది, చివరిది అంతకు కాస్త తక్కువ, మొదటిది 30కి దగ్గర, నాలుగవది 25. మూడవది పదే. అలసిన చెయ్యి అన్నిటినీ ఒకేలా లాగాలి. ఇక్కడ అలా జరగలేదు. మాలర్ 'నీడలా' అని రాసిన ఆ మూడవ భాగం, దయ్యాల నాట్యంలా జారిపోయే స్కెర్ట్‌సో, దాదాపు అందరి వేగంతోనే నడిచింది. సాగినవి మిగతా నాలుగు.

దీన్ని రుజువు అనను. స్కెర్ట్‌సోలో మూడు మాత్రలకు ఒక్క దెబ్బ చాలు, చెయ్యి శ్రమ తక్కువ, అందుకే అది దెబ్బతినలేదు అని ఎదుటివాళ్లు అనవచ్చు, ఆ మాటలో పస ఉంది. అయినా ఒక్కటి తేలుతుంది. ఈ నెమ్మది ఏకరీతిగా పట్టిన తుప్పు కాదు, చోటుచోటుకీ మారుతోంది.

40 శాతం అంటే చెవికి ఎంత? నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక్కో దెబ్బకు అర సెకను. దాన్ని 40 శాతం సాగదీస్తే నిమిషానికి 86 దెబ్బలే పడతాయి, ఒక్కోటి 0.7 సెకను. కాళ్లు మార్చింగు మానేసి నడకలో పడతాయి. హార్న్ ఊదేవాడు ఒక్క ఊపిరిలో ఎనిమిది సెకన్లు లాగాల్సిన వాక్యం పదకొండు సెకన్లు దాటుతుంది. వాయించేవాళ్ల ఊపిరితిత్తులకు ఈ కళాసిద్ధాంతాలన్నీ అక్కడే తగులుతాయి.

రెండవ భాగంలో ఒక్క నిమిషం

ఎక్కువగా సాగిన చోటే వినాలి. రెండవ భాగానికి మాలర్ పెట్టిన పేరు 'రాత్రి సంగీతం'. నాలుగవదానికీ అదే పేరు. ఈ రెండూ 1904 వేసవిలో రాశాడు, మిగతావి మరుసటి వేసవిలో.

ఒక హార్న్ పిలుస్తుంది. మరో హార్న్ మూత బిగించిన గొంతుతో, ఎక్కడో లోయకు అవతలి నుంచి బదులిస్తుంది. మళ్లీ పిలుపు, మళ్లీ బదులు. తర్వాత పిల్లనగ్రోవి జాతి వాద్యాలు ఒకదాని మీద ఒకటి పక్షుల్లా లేచి, గుంపై, ఒక్కసారిగా కూలిపోతాయి. అక్కడ వెలుగుగా ఉన్న స్వరసముదాయం, అందులోని ఒక్క స్వరం కిందికి దిగడంతో, చీకటిగా మారుతుంది. తర్వాత కవాతు.

మామూలు వేగంలో ఆ పిలుపూ బదులూ ఒకే వాక్యంలా వినిపిస్తాయి. రెండవ హార్న్ మొదటిదాని తోక. క్లెంపరర్ దగ్గర మొదటి పిలుపు పూర్తిగా ఆగి, గాలిలో కరిగి, ఆ తర్వాతే బదులు వస్తుంది. మధ్యలో దూరం పుడుతుంది. 1905లో మాలర్ ఆ కుర్రవాడితో అన్న మాట ఇక్కడ నాకు గుర్తొస్తుంది. బలం ఉండాలి, కానీ చాలా దూరం నుంచి. ఆ దూరాన్ని ధ్వని తగ్గించి కాక కాలం పెంచి సాధించాడేమో అనిపిస్తుంది. ఇది నా ఊహే.

దీనికి తోడు కూర్చోబెట్టే పద్ధతి. ఇవాళ చాలా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్లన్నీ ఎడమ పక్కనే ఉంటాయి. క్లెంపరర్ పాత అలవాటు ప్రకారం మొదటి వయొలిన్లను ఎడమ, రెండవ వయొలిన్లను కుడి కూర్చోబెట్టాడు. మాలర్ కాలంలో అదే మామూలు. తొమ్మిదవ సింఫనీ మొదట్లో దీని విలువ తెలుస్తుంది. అక్కడ ముఖ్యమైన పాటను ఎత్తుకునేది రెండవ వయొలిన్లు, మొదటివి తర్వాత వచ్చి కలుస్తాయి. క్లెంపరర్ 1967 రికార్డింగులో పాట కుడి నుంచి మొదలై ఎడమ నుంచి జవాబు వస్తుంది. అందరినీ ఒక పక్కన కూర్చోబెడితే ఆ సంభాషణ ఒకరి స్వగతమైపోతుంది.

నాలుగవ భాగంలో గిటారు, మాండొలిన్ ఉన్నాయి. మాండొలిన్ అనగానే పాలకొల్లు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ గుర్తొచ్చే మనకు, పెద్ద ఆర్కెస్ట్రా మధ్య ఏ యంత్రం సాయం లేకుండా మీటే ఈ మాండొలిన్ గొంతు ఎంత సన్ననో వింటే గాని తెలియదు. తొందరగా నడిపితే అది అలంకారం. ఇక్కడ ఒక్కో మీటు విడివిడిగా అందుతుంది.

ఒప్పుకోనివాళ్ల మాట

ఇన్ని చెప్పినా వ్యతిరేకుల వాదం బలమైనదే. మాలర్ రెండవ భాగాన్ని మధ్యస్థమైన చురుకుతో నడపమన్నాడు, 22 నిమిషాలు ఆ మాటలో ఇమడవు. కవాతు కవాతులా లేకపోతే దాని వెటకారం చచ్చిపోతుంది. దూరం పుట్టింది సరే, నడక చచ్చింది కదా అని వాళ్ల ప్రశ్న.

చివరి భాగం దగ్గర గొడవ మరీ పెద్దది. డప్పుల మోతతో తెరుచుకునే ఆ ఉత్సవం నాలుగు భాగాల రాత్రి తర్వాత పొద్దుపొడుపు. జర్మన్ సంగీతకర్త వాగ్నర్ రాసిన కామెడీ ఒపెరాను (పాటలతో నడిచే నాటకాన్ని) ఎగతాళి చేస్తూనో, మెచ్చుకుంటూనో మాలర్ అందులో పండగ వాతావరణం నింపాడు. ఈ సంబరం నిజమైనదా, నటనా అని దశాబ్దాలుగా తగాదా. తత్త్వవేత్త అడోర్నోకి ఈ భాగం నచ్చలేదు. దీన్ని ఇష్టపడే కండక్టర్లు చాలావరకు వేగాన్నే ఆశ్రయిస్తారు. ఒక ముక్కకూ మరో ముక్కకూ మధ్య కుట్లు కనబడకుండా పరుగెత్తిస్తారు. క్లెంపరర్ ప్రతి కుట్టునూ వెలుతురులో పెట్టాడు. మెచ్చుకునేవాళ్లు దాన్ని నిజాయితీ అంటారు. సంబరం లోపల డొల్లతనం ఉందని మాలరే రాసి ఉంటే, దాన్ని దాచడం ఎందుకని వాళ్ల వాదం. ఒప్పుకోనివాళ్లు, పండగ భోజనంలో ఉప్పు కారాలను విడివిడిగా వడ్డించినట్టుందంటారు.

నా మట్టుకు నేను మొదటి రెండు భాగాల్లో క్లెంపరర్ పక్షం. మొదటి భాగం ఆరంభంలో లయ తనకు సరస్సు దాటే పడవలో, మొదటి తెడ్డు వేటుకు తట్టిందని మాలర్ తర్వాత భార్యకు రాశాడు. క్లెంపరర్ పడవ నిండా బరువుంది, తెడ్డు నీళ్లలో దిగి పైకి రావడం కనబడుతుంది, ఆ మీద టెనర్ హార్న్ ఎవరినో కేకేసినట్టు పాడుతుంది. చివరి భాగంలో మాత్రం మొదటి ఏడెనిమిది నిమిషాలు అబ్బురంగా విని, మధ్యలో ఎక్కడో నేనూ గడియారం వైపు చూశాను.

అయినా ఆఖరి క్షణం కోసం మళ్లీ వింటాను. గంటలు, ఇత్తడి వాద్యాలు అన్నీ కలిసి గెలుపు ప్రకటిస్తుండగా, ముగింపుకు ఒక్క అడుగు ముందు, మాలర్ ఆ వెలుగు సముదాయంలో ఒక స్వరాన్ని అర మెట్టు పైకి జరిపి, మొత్తం ఆర్కెస్ట్రాను హఠాత్తుగా తగ్గించేస్తాడు. వేగంగా నడిపేవాళ్ల దగ్గర అది కనురెప్పపాటు, ఆఖరి దెబ్బలో కలిసిపోతుంది. తొంభై తొమ్మిది నిమిషాలు దాటాక క్లెంపరర్ దాన్ని అలాగే నిలబెడతాడు. గెలిచామా లేదా అని సందేహం వచ్చేంతసేపు ఆ స్వరం వంకరగా వేలాడి, అప్పుడు పడుతుంది దెబ్బ.